సభ్యుని కార్డు కంప్యూటరులోకి ఎక్కించే ముందు

పాల యూనియన్ల సమావేశాలలో ఈమధ్య సి.ఆర్.ఎం. అనే మాట వినిపిస్తున్నది. ఒక సంస్థకు తన ఖాతాదారులతో ఉండే సంబంధాలన్నిటినీ ఒకచోట ఉంచి చూసుకొనేందుకు వాడే కంప్యూటరు సాఫ్ట్‌వేరు అది. రెండు గేదెలున్న సభ్యునికి దీనితో ఏమి పని అని కొందరు అడుగుతున్నారు. పని ఉన్నది. మీ పేరు, మీ పశువు, మీ బోనసు, మీ ఫిర్యాదు రేపు అందులో చేరే విషయాలే. దానిని ఏ విధంగా అమర్చారన్నదానిని బట్టి మీకు రావలసినది వస్తుంది, లేదా ఎక్కడో ఆగిపోతుంది. అందుచేత ఈ పాఠంలో ఆ అమరిక సంగతి చెప్పుకొందాము.

ఈ సాఫ్ట్‌వేరు పాల కోసం పుట్టినది కాదు. 1993లో అమెరికాలో మొదలైన సీబెల్ కంపెనీ, అమ్మకాల మీద తిరిగే ఉద్యోగుల కోసం దీనిని తయారుచేసింది. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏర్పడిన సేల్స్‌ఫోర్స్, సాఫ్ట్‌వేరును కొనకుండా ఇంటర్నెట్టు ద్వారా అద్దెకు వాడుకొనే పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. మైక్రోసాఫ్ట్ తన సి.ఆర్.ఎం.ను 2003లో విడుదల చేసింది. ఇప్పుడు అది డైనమిక్స్ 365 అనే పేరుతో ఉన్నది. వీటిని ముందే గళ్ళు గీసిన రిజిస్టర్ల కట్టగా అనుకోవచ్చు. కొన్ని గళ్ళు వాళ్ళే గీసి ఇస్తారు. మిగిలినవి మనం గీసుకోవాలి. అద్దె సాధారణంగా వాడే మనిషికి నెలకింత అని ఉంటుంది.

గీసి ఇచ్చిన వాటిలో ముఖ్యమైనవి మూడు. అకౌంట్ అంటే ఒక సంస్థ. కాంటాక్ట్ అంటే ఒక మనిషి. కేస్ అంటే ఒక ఫిర్యాదు. వీటిని చూడగానే ఎవరికైనా తోచేది ఒక్కటే: సంఘాన్ని అకౌంట్‌గా, సభ్యుణ్ణి కాంటాక్ట్‌గా పెట్టి, సభ్యత్వ నంబరు, వాటాలు, బ్యాంకు ఖాతా ఆ మనిషి కార్డు మీదనే రాసేద్దామని. చూపించేటప్పుడు ఇది ఎంతో చక్కగా కనిపిస్తుంది. చిక్కు తరువాత వస్తుంది.

మన సంఘాలలో తరచు కనిపించే ఒక ఇంటిని తీసుకొందాము. సభ్యత్వం భర్త పేర ఉన్నది. రెండు పూటలా పాలు తెచ్చి పోసేది భార్య. పన్నెండేళ్ళుగా ఇదే వరస. భర్త చనిపోయాడు. ఇప్పుడు గుమాస్తా ముందు రెండు దారులున్నాయి. పాత కార్డు మీద పేరు కొట్టివేసి భార్య పేరు రాస్తే, పన్నెండేళ్ళ క్రితం నుంచీ ఆమెయే సభ్యురాలన్నట్లు లెక్క తయారవుతుంది. వాటాలు ఎవరి పేర ఉండేవో, నామినీ ఎవరో చెప్పే ఆధారం చెరిగిపోతుంది. అట్లా కాక ఆమెకు కొత్త కార్డు తెరిస్తే, ఆమె పోసిన పాలు సున్నా నుంచి మొదలవుతాయి. ఏడాదిలో ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పోసినవారికే ఓటు అని ఉపనిబంధనలు ఉన్నచోట, ఆ ఏడు ఆమె పేరు ఓటర్ల జాబితాలో ఉండదు. బోనసు లెక్క కూడా సగం నుంచే పడుతుంది. ఎవరూ ఆమెను మోసగించలేదు. రిజిస్టరు గీసిన తీరే అటువంటిది.

తప్పు ఎక్కడున్నది? సభ్యత్వాన్ని మనిషికి ఉండే ఒక గుణంగా, పొడవు, వయసులాగా, కార్డు మీద రాశారు. సభ్యత్వం మనిషికీ సంఘానికీ మధ్య ఉన్న సంబంధం. దానికి మొదలు ఉంటుంది, ముగింపు ఉంటుంది, ముగియడానికి కారణం ఉంటుంది. కనుక దానికి వేరే రిజిస్టరు కావాలి. మనుషులకు ఒకటి, ఇళ్ళకు ఒకటి, సభ్యత్వాలకు ఒకటి. భర్త సభ్యత్వం ఫలానా తేదీన, మరణం వల్ల ముగిసింది. భార్య సభ్యత్వం ఫలానా తేదీన, వారసత్వం వల్ల మొదలైంది. పోసిన పాల మొత్తం సభ్యత్వానికీ ఇంటికీ రెంటికీ ముడిపడి ఉంటుంది. అప్పుడు ఆ ఇల్లు ఏడాదంతా పోసిన పాలు ఒక్క చూపులో తేలతాయి. ఆమెకు ఓటు ఇవ్వాలా వద్దా అన్నది ఉపనిబంధనలు చూసి పాలకవర్గం తేల్చుకొంటుంది. కంప్యూటరు తేల్చరాదు.

పశువు సంగతీ ఇంతే. చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరు పశువుది, యజమానిది కాదు. గేదెను అమ్మినప్పుడు పాత యజమాని సంబంధాన్ని ముగించి, కొత్త యజమానితో సంబంధాన్ని తెరవాలి. గర్భధారణ సూదులు, గాలికుంటు టీకాలు, ఈతల వివరాలు పశువుతోనే కొనసాగాలి. లేకపోతే కొన్నవాడు డాక్టరుతో మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవలసి వస్తుంది, అతనికేమో తెలియదు.

రిజిస్టర్లను ముడివేయడంలో ఒక ప్రమాదం ఉన్నది. దీనిని కార్యదర్శులు ప్రత్యేకంగా గమనించాలి. సేల్స్‌ఫోర్స్‌లో ముడి ముఖ్యంగా రెండు రకాలు. మాస్టర్-డీటెయిల్ అనే గట్టి ముడిలో పైకార్డు తొలగిస్తే దాని కిందివన్నీ దానితోపాటే పోతాయి. లుకప్ అనే వదులు ముడిలో సాధారణంగా కిందివి నిలుస్తాయి. మనిషి కార్డుకు పాల లెక్కలను గట్టి ముడి వేసి ఉంచితే, చనిపోయిన సభ్యుని పేరు తీసేద్దామని ఎవరో ఒక మీట నొక్కిన మరుక్షణం ఆయన బిల్లుల చరిత్ర అంతా వెళ్ళిపోతుంది. తొలగించినవి చెత్తబుట్టలో 15 రోజులుంటాయి. ఆడిటరు వచ్చేది ఆ తరువాతనే! అందుకే తొలగించే అధికారం గ్రామ స్థాయిలో ఎవరికీ ఇవ్వకపోవడం మంచిదని మా అభిప్రాయం. ముగింపు తేదీ వేయడం చాలు.

అన్నీ ఇందులోనే పెట్టుకొందామనే ఉత్సాహం కూడా కూడదు. 150 మంది పాలు పోసే సంఘంలో రోజుకు రెండు పూటల లెక్కన ఏడాదికి 1,09,500 పద్దులు అవుతాయి. అటువంటి సంఘాలు వెయ్యి ఉంటే దాదాపు 11 కోట్లు. సేల్స్‌ఫోర్స్ ఒక్కొక్క పద్దును చాలావరకు 2 కిలోబైట్లుగా లెక్క కడుతుంది. అంటే ఏడాదికి 200 గిగాబైట్లు పైన, దానికి అద్దె వేరు. పూటపూటకూ తూకం, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. రాసుకొనేందుకు పాల కేంద్రంలో యంత్రంతో ఉండే లెక్కల సాఫ్ట్‌వేరు చాలు. సి.ఆర్.ఎం.లోకి పది రోజుల బిల్లు మొత్తం వస్తే సరిపోతుంది.

ఇక ఫిర్యాదులు. ఈ సాఫ్ట్‌వేరు నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడే. గేదె ఈనలేక అవస్థపడుతున్నదన్న ఫోనూ, బిల్లులో నలభై రూపాయలు తగ్గాయన్న ఫోనూ ఒకే గడిలో పడకూడదు. మొదటిదానికి గంటలలో గడువు, రెండవదానికి రోజులలో. గడువు దాటితే దానంతట అదే పైఅధికారికి వెళ్ళేటట్లు నియమం పెట్టవచ్చు. ఇందుకు ప్రోగ్రాము రాయనక్కరలేదు, వేదికలోనే ఆ వసతి ఉన్నది. మరొక నియమం మనం అడిగి పెట్టించుకోవాలి: ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో వారు దానిని ముగించరాదు. వెన్న శాతం తక్కువ చూపారన్న ఫిర్యాదును టెస్టరే "పరిష్కరించబడినది" అని మూసివేయగలిగితే, ఆ రిజిస్టరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఫిర్యాదు రకాల జాబితా కూడా చూడండి. సగం ఫిర్యాదులు "ఇతరములు"లో పడుతున్నాయంటే, ఆ జాబితా రాసినవారు తెల్లవారుజామున పాల కేంద్రంలో ఒక్కపూట కూడా నిలబడలేదన్నమాట.

సభ్యుల బ్యాంకు ఖాతా, ఆధార్ నంబరు అందరికీ కనిపించనక్కరలేదు. ఏ గడి ఎవరికి కనిపించాలో పాత్రలవారీగా నిర్ణయించవచ్చు. పశువైద్య సిబ్బందికి పశువు కార్డు, ఫోను నంబరు చాలు. వ్యక్తుల సమాచారం రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది.

సొంతంగా ప్రోగ్రాములు రాయించడం చివరి మాటగా ఉండాలి. సేల్స్‌ఫోర్స్ ఏడాదికి మూడుసార్లు తన వేదికలో మార్పులు తెస్తుంది. రాయించుకొన్న ప్రతి ప్రోగ్రామునూ అప్పుడల్లా సరిచూసుకోవాలి. గళ్ళూ ముడులూ సరిగా ఉంటే వాటి అవసరం చాలావరకు పడదు.

సాఫ్ట్‌వేరు కంపెనీవారు మీ యూనియనుకు వచ్చే ముందు ప్రతి సంఘం ఒక పని చేయాలని కోరుతున్నాము. పది పాస్‌బుక్కులు తీయండి. ఒక్కొక్కదానికి నాలుగు పేర్లు రాయండి: సభ్యులు ఎవరు, పాలు పోసేది ఎవరు, డబ్బు పడే ఖాతా ఎవరిది, పశువు ఎవరి పేర ఉన్నది. నాలుగూ ఒకే పేరు కాని ఇళ్ళను వేరుగా పెట్టండి. కంపెనీవారు తమ నమూనా చూపించేటప్పుడు వారి సొంత ఉదాహరణలు వద్దని చెప్పి, ఆ ఇళ్ళలో ఒకదానిని మీ కళ్ళ ఎదుట ఎక్కించమనండి. ఎక్కించిన తరువాత, ఆ సభ్యుడు పోయిన నెలలో చనిపోయాడనుకొని ఈ ఏడు బోనసు లెక్క చూపించమనండి.