మిరపకు మందు సమంగా పడాలంటే బూమ్ ఎత్తు చూడాలి

2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పువ్వుల్లో ఉండి రసం పీలుస్తుంది. ట్రాక్టర్ బూమ్ స్ప్రేయర్‌తో కొట్టాక కూడా చేలో పట్టీలు పట్టీలుగా పురుగు మిగిలితే మందును అనుమానించే ముందు బూమ్ (నాజిళ్లు బిగించిన అడ్డ కమ్మీ) ఎత్తు కొలవాలి.

110 డిగ్రీల కోణంలో చల్లే నాజిళ్లు 50 సెం.మీ. ఎడంతో ఉంటే బూమ్ మొక్కల తలలకు 50 సెం.మీ. పైన ఉండాలి. నేల నుంచి కొలిచే లెక్క పనికిరాదు. నాట్లయిన కొత్తలో బిగించిన ఎత్తునే పూత దాకా ఉంచేయడం సాధారణంగా జరిగే పొరపాటు. సరైన ఎత్తులో ఒక్కో జల్లు సుమారు 140 సెం.మీ. వెడల్పున విచ్చుకుని పక్క జల్లులతో కలుస్తుంది. జల్లు అంచుల్లో పలచన కాబట్టి ఈ కలయికతోనే మందు సమమవుతుంది. బూమ్ 10 సెం.మీ. ఎత్తుకు దిగితే జల్లు వెడల్పు 30 సెం.మీ.కు మించదు; రెండు నాజిళ్ల మధ్య జానెడు పట్టీ తడవదు. మీటరు ఎత్తుకు లేస్తే సన్నని తుంపర గాలికి పక్క చేలోకి పోతుంది.

చేలో బూమ్ ఒకే ఎత్తున నిలవదు. చక్రాల మధ్య ఎడం మీటరున్నర ఉన్న ట్రాక్టర్‌కు ఒక చక్రం 10 సెం.మీ. గట్టెక్కితే, బిగుసుకుపోయిన 12 మీటర్ల బూమ్ ఒక కొస సుమారు 45 సెం.మీ. లేస్తుంది, రెండోది 35 సెం.మీ. దిగుతుంది. ఊయలలా వేలాడే బిగింపు ఉన్న బూమ్ కొంత ఆదుకుంటుంది. అది లేనివారికి వేగం తగ్గించడమే మందు. మూడెకరాల చేనుకు బూమ్ ఎత్తును తనంతట సరిచేసే సెన్సార్ల యంత్రాన్ని అంటగట్టే డీలర్ ఈ సంగతి చెప్పడు.

బూమ్ కొసలకు 50 సెం.మీ. తాడు వేలాడదీస్తే ఎత్తు కంటికి తెలుస్తుంది. పొడి నేలపై ఉత్త నీళ్లు కొట్టి ఆరేటప్పుడు చూస్తే చారలు బయటపడతాయి. కొత్తదానికంటే పదో వంతు ఎక్కువ నీరు వదిలే నాజిల్‌ను మార్చేయాలి. నాజిల్ ఖరీదుకు వెనకాడి నాలుగు రకాల మందులు కలిపి కొట్టడం డబ్బు తగలేయడమే. దానివల్ల మిత్రపురుగులు చస్తాయి, తామర పురుగు మిగులుతుంది.

మిగతా పంటల్లోనూ అవసరమైనప్పుడు, పురుగు ఉన్న చోటే మందు పడాలి. శనగలో పచ్చపురుగుకు లింగాకర్షక బుట్టలు చూశాకే పిచికారీ. వరిలో సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది. కాలిబాటలు తీసి మొదళ్లకు కొట్టాలి. ఏరివేత పూర్తయిన పత్తికి ఇక ఏ మందూ అక్కర్లేదు, మోళ్లు పీకేయాలి.