లైబ్రరీకి ఇచ్చే డాలరు: పెన్సిల్వేనియా వ్యాపారులకు నా అనుభవ పాఠాలు

పెన్సిల్వేనియాలో చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తూ చూస్తూ నా జుట్టు నెరిసింది. మోటళ్లు, మందుల షాపులు, ఐటీ కన్సల్టింగ్ కంపెనీలు నడిపే మనవాళ్లు ఏటా రిటర్నుల కాలంలో అడిగేది ఒకటే: "పన్ను తగ్గే దారేమైనా ఉందా అంకుల్?" ఉన్న దారుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒకటుంది. మీ ఊరి లైబ్రరీ పిల్లల కోసం నడిపే సైన్సు కార్యక్రమానికి డబ్బిస్తే, అందులో ఎక్కువ భాగాన్ని రాష్ట్రం మీ పన్నులోంచి కొట్టేస్తుంది. దాని పేరు ఎడ్యుకేషనల్ ఇంప్రూవ్‌మెంట్ టాక్స్ క్రెడిట్. పొట్టిగా ఇ.ఐ.టి.సి. 2001 నుంచీ ఉంది. నేను చూసినంతలో మనవాళ్లకు దీని సంగతి పెద్దగా తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

1. ముందు కాగితం మీద లెక్క వేసుకోండి.

మామూలు విరాళానికి వచ్చేది డిడక్షన్. అది ఆదాయాన్ని తగ్గిస్తుంది. క్రెడిట్ అయితే కట్టాల్సిన పన్నునే తగ్గిస్తుంది. ఒక్క ఏడాదికి ఇస్తే ఇచ్చినదాంట్లో 75 శాతం, వరసగా రెండేళ్లు ఇస్తానని మాటిస్తే 90 శాతం క్రెడిట్ వస్తుంది. ఒక కంపెనీకి ఏడాదికి 7,50,000 డాలర్ల దాకా గరిష్ఠ పరిమితి ఉంది కానీ, మనలో చాలామందికి దాని దరిదాపులకు వెళ్లే పని పడదు.

ఒక ఉదాహరణ చూడండి. ఎస్ కార్పొరేషన్ పెట్టుకున్న దంపతులకు లాభంలో వాటాగా 2,00,000 డాలర్లు వచ్చాయనుకుందాం. రాష్ట్ర వ్యక్తిగత ఆదాయపు పన్ను 3.07 శాతం, అంటే 6,140 డాలర్లు. రెండేళ్ల మాట మీద వాళ్లు లైబ్రరీకి 6,800 ఇస్తే 6,120 క్రెడిట్‌గా వస్తుంది. జేబులోంచి నిజంగా పోయేది 680. అదే ఒక్క ఏడాదికే ఇచ్చి ఉంటే 1,700 పోయేది. ఆ 680తో పిల్లలకు 6,800 డాలర్ల పని జరుగుతుంది. వ్యాపారంలో ఇంతకన్నా మంచి బేరం నాకు తగల్లేదు.

ఫెడరల్ రిటర్నులో మాత్రం మొత్తం 6,800నూ విరాళంగా చూపించడం కుదరదు. రాష్ట్రం క్రెడిట్ ఇచ్చిన మేరకు ఫెడరల్ డిడక్షన్ తగ్గించుకోవాలని 2019లో నిబంధన వచ్చింది. సి కార్పొరేషన్లకు దీనిలో కొంత వెసులుబాటు ఉంది. అది మీ సి.పి.ఏ.తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

2. పన్ను ఎంత పడుతుందో అంతవరకే ఇవ్వండి.

కార్పొరేషన్ వాడుకోగా మిగిలిన క్రెడిట్ వచ్చే ఏడాదికి రాదు, రిఫండ్‌గా చేతికీ రాదు. పైగా రాష్ట్ర కార్పొరేట్ పన్ను రేటు ఏటేటా తగ్గుతోంది. 9.99 శాతం ఉన్నది 2023లో 8.99 అయింది. అక్కణ్ణుంచి ఏడాదికి అర శాతం చొప్పున దిగుతూ 2031కి 4.99 దగ్గర ఆగాలని చట్టం. కాబట్టి రెండేళ్ల మాట ఇచ్చేటప్పుడు రెండో ఏడాది పన్ను ఎంత పడుతుందో చూసుకుని అంకె రాయండి.

3. జూలై 1ని మరిచిపోకండి.

ఈ పథకానికి రాష్ట్రం ఏటా ఇంత అని కేటాయిస్తుంది. అది అయిపోతే ఆ ఏటికి అంతే. దరఖాస్తులు తీసుకునేది కమ్యూనిటీ అండ్ ఎకనమిక్ డెవలప్‌మెంట్ శాఖ. కొత్తవాళ్లకు జూలై 1న తెరుస్తారు. రెండేళ్ల మాటలో ఉన్నవాళ్లకూ, అది పూర్తిచేసి మళ్లీ రెండేళ్లు ఇస్తామనేవాళ్లకూ మే 15నే తెరుస్తారు. ఒకే రోజు వచ్చిన దరఖాస్తులను లాటరీ పద్ధతిలో వరస పెడతారు కాబట్టి, జూలై 1 ఉదయం వేసినా సాయంత్రం వేసినా ఒకటే. జూలై 2న వేస్తే మాత్రం వెనకపడతారు. మంజూరు ఉత్తరం అందిన 60 రోజుల్లో లైబ్రరీకి డబ్బు చేరాలి, 90 రోజుల్లో రుజువు శాఖకు చేరాలి. ఈ రెండు గడువుల్లో సర్దుబాటు ఉండదు.

4. లైబ్రరీ జాబితాలో ఉందో లేదో అడగండి.

ప్రతి లైబ్రరీకీ ఇచ్చి క్రెడిట్ తెచ్చుకోలేం. రాష్ట్రం ఆమోదించిన ఎడ్యుకేషనల్ ఇంప్రూవ్‌మెంట్ ఆర్గనైజేషన్ల జాబితాలో ఆ లైబ్రరీ ఉండాలి. అది నడిపే కార్యక్రమం బడి మామూలు పాఠాల్లో లేనిదై, బడి చదువుకు బలం చేకూర్చేదిగా ఉండాలి. రోబోటిక్స్, కోడింగ్, ఎలక్ట్రానిక్స్ తరగతులు ఇందుకు బాగా సరిపోతాయి. మీ లైబ్రరీ జాబితాలో లేకపోతే డైరెక్టరును కలిసి, ఎందుకు చేరలేదో మర్యాదగా అడగండి. "మేం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం" అని ఇద్దరు వ్యాపారులు చెబితే చాలు, ఆ కాగితాలు నింపే ఓపిక వాళ్లకు వస్తుంది.

మన తెలుగు ఊళ్లలో 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను పడుతుంది. ఇవ్వాలా వద్దా అని ఎవరూ మనల్ని అడగరు. ఇక్కడి లైబ్రరీలు స్థానిక పన్నులతోనూ, రాష్ట్ర సాయంతోనూ, విరాళాలతోనూ నెట్టుకొస్తున్నాయి. పిల్లల కార్యక్రమాలు ఎక్కువగా ఆ విరాళాల మీదే నడుస్తాయి.

5. యంత్రం కన్నా మనిషికి ఇవ్వండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలుచుకున్నది ఇది. వ్యాపారులకు త్రీడీ ప్రింటర్ కొనిచ్చి పక్కన నిలబడి ఫొటో దిగడం ఇష్టం. ప్రింటర్ వస్తుంది, దాన్ని నడపడం తెలిసిన మనిషికి జీతం ఉండదు, మూడో నెలకు దాని మీద గుడ్డ కప్పుతారు.

ఒక శనివారం మా ఊరి లైబ్రరీ కింది గదిలో పిల్లలు గ్రీటింగ్ కార్డు మీద రాగి టేపు అతికించి, బిళ్ల బ్యాటరీ పెట్టి చిన్న ఎల్.ఇ.డి. వెలిగిస్తున్నారు. ఒక పాపకు ఎంతకీ వెలగడం లేదు. నేర్పే అమ్మాయి తను చేసి పెట్టలేదు. "దాని కాళ్లు రెండూ ఒకేలా ఉన్నాయా చూడు" అని మాత్రం అంది. పాప కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి. తిప్పి పెట్టింది, వెలిగింది. ఆ తర్వాత పక్కవాడి కార్డు వెలగకపోతే తనే వెళ్లి అదే ప్రశ్న అడిగింది.

ఆ కార్డుకు అయిన సామాను ఖర్చు చాలా తక్కువ. అక్కడ విలువైంది ఆ అమ్మాయి సహనం, శనివారం ఆమె ఇచ్చిన మూడు గంటలు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు చెబుతాను: ఆమోదం పొందిన కార్యక్రమంలో నేర్పేవాళ్ల వేతనానికి, ఏటా అయిపోయే సామానుకు మీ డబ్బు వెళ్లేలా లైబ్రరీతో మాట్లాడుకోండి. రెండేళ్ల మాట ఇక్కడే అక్కరకొస్తుంది. వచ్చే ఏడాది కూడా డబ్బుంటుందని తెలిస్తేనే లైబ్రరీ ఒక మనిషిని పెట్టుకోగలుగుతుంది.

ఈ రాష్ట్రంలోనే వ్యాపారం చేసి ఎదిగిన ఆండ్రూ కార్నెగీ కూడా లైబ్రరీ భవనం కట్టించే ముందు ఊరివాళ్ల నుంచి ఒక మాట తీసుకునేవాడు. కట్టడానికి అయిన ఖర్చులో పదో వంతు ఏటా నిర్వహణకు పెట్టాలి. భవనం కట్టగానే పని అయిపోదని ఆయనకు తెలుసు.

6. ఏం వస్తుందని అడగకండి.

ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన మిత్రులు 1731లో లైబ్రరీ కంపెనీ పెట్టారు. లండన్‌లో పీటర్ కాలిన్‌సన్ అనే బట్టల వ్యాపారి దానికి ఏళ్ల తరబడి పైసా తీసుకోకుండా పుస్తకాలు ఎంచి ఓడల్లో పంపాడు. ఒకసారి ఒక గాజు గొట్టం, దాన్ని రుద్ది విద్యుత్తు ఎలా పుట్టించాలో రాసిన కాగితం కూడా పంపాడు. ఫ్రాంక్లిన్ ప్రయోగాలు దానితోనే మొదలయ్యాయి. వాటి సంగతి చెబుతూ 1747 నుంచి ఆయన కాలిన్‌సన్‌కు రాసిన ఉత్తరాలే 1751లో లండన్‌లో పుస్తకంగా వస్తే యూరప్ అంతా చదివింది. ఒక బట్టల వ్యాపారి లైబ్రరీకి పంపిన గొట్టం అది. దానితో ఎవరు ఏం చేస్తారో పంపినప్పుడు ఆయనకు తెలియదు.

7. మీ పిల్లలు కోచింగ్‌కు వెళ్తున్నా సరే, ఇవ్వండి.

"మా వాడికి రోబోటిక్స్ క్లాసు ఉంది కదా" అంటారు కొందరు. మీవాడికి ఫీజు కట్టేవాళ్లున్నారు. లైబ్రరీకి వచ్చే పిల్లల్లో కట్టలేనివాళ్లు చాలామంది.

ఈ వారంలో ఒక రోజు మీ ఊరి లైబ్రరీకి వెళ్లండి. పిల్లల విభాగంలో ఎవరినైనా పట్టుకుని రెండే అడగండి: ఇ.ఐ.టి.సి. జాబితాలో ఉన్నారా, సైన్సు తరగతులకు ఏం కావాలి. జవాబులు రాసుకుని మీ లెక్కలు చూసేవాళ్లకు ఇవ్వండి. జూలై 1కి దరఖాస్తు సిద్ధంగా ఉండాలి.