బుల్లి బొమ్మలకు కుంచెలు, పనిముట్లు: చేయవలసినవి - చేయకూడనివి

బొటనవేలంత బొమ్మకు రంగులద్దే పనిలో ప్రమాదం ఏముంటుందని చాలామంది అనుకుంటారు. తెగిన వేళ్లు, దద్దుర్లు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే దుమ్ము, కడుపులోకి చేరే రంగు ఈ బల్ల మీదా ఉన్నాయి. వీటిలో చాలావరకు పనిముట్టును ఎంచుకునే దగ్గరే మొదలవుతాయి. మొన నిలవని కుంచె నోటికి వెళుతుంది. పదును పోయిన కత్తి వేలి మీదికి జారుతుంది. ప్లాస్టిక్, రెజిన్, లోహపు బొమ్మలకు ఇంట్లో రంగులు వేసేవారు, ఎపాక్సీ పుట్టీతో రూపాలు మలిచేవారు కింది సూచనలను తప్పక పాటించండి.

చేయవలసినవి

- కుంచెను కొనే ముందు షాపులోనే శుభ్రమైన నీళ్లలో ముంచి ఒకసారి విదిలించండి. వెంట్రుకలన్నీ ఒక్క మొనగా కూడితేనే తీసుకోండి.
- ఎక్కువ పనికి 1 లేదా 2 నంబరు గుండ్రటి కుంచెను ఎంచుకోండి. మొన బాగుంటే బొమ్మ కంటిపాపను కూడా దానితోనే దిద్దవచ్చు.
- 000 నంబరు కుంచె జోలికి తొందరపడి వెళ్లకండి. అంత సన్నటి మొన మీద రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోయి, మాటిమాటికీ నోట్లో తడుపుకోవాలనిపిస్తుంది.
- వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు తొడుగును వేళ్లతో తిప్పి చూడండి. కదిలితే ఆ కుంచె వద్దు.
- కుంచె వెంట్రుకలు ఏ జంతువువో అడగండి. షాపతను చెప్పలేకపోతే సింథటిక్ కుంచె తీసుకోండి.
- సింథటిక్ కుంచె మొన కొక్కెంలా వంగగానే దాన్ని ముతక పనికి మార్చేయండి.
- మొన తీయడానికి తడి స్పాంజిని గానీ, మడిచిన టిష్యూను గానీ కుడిచేతి పక్కనే ఉంచుకోండి. అందుబాటులో లేకపోతే చెయ్యి నోటివైపు వెళుతుంది.
- కుంచెలు కడిగే నీళ్లకు మూత ఉన్న డబ్బా కేటాయించి, పైన "రంగు నీళ్లు" అని పెద్ద అక్షరాలతో రాయండి.
- మలిచే పనిముట్టు అంచును పాత నూలుగుడ్డ మీద మెల్లగా లాగి చూడండి. పోగు తగులుకుంటే అంచు గరుకుగా ఉందన్నమాట, అది గ్లౌజునూ చీలుస్తుంది, చర్మాన్నీ చీలుస్తుంది.
- గీతలు, మడతలు తీయడానికి స్టీలు వ్యాక్స్ కార్వర్, నునుపు చేయడానికి రబ్బరు మొన ఉన్న పనిముట్టు ఎంచుకోండి. మొదట ఈ రెండూ చాలు.
- స్టీలు పనిముట్లను డెంటల్ సామాను అమ్మేచోట కొత్తవే, సీలు తీయనివే కొనండి.
- పిడి మరీ సన్నగా ఉంటే రబ్బరు గొట్టం తొడగండి. బిగించి పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంది.
- పలకల పిడి ఉన్న కత్తినే కొనండి. గుండ్రటి పిడి బల్ల మీంచి దొర్లి పాదం మీద పడుతుంది.
- బ్లేడు మొన విరిగినా, కోత బరువెక్కినా వెంటనే మార్చండి. మొద్దుబారిన బ్లేడును ఎక్కువ బలంతో నొక్కుతారు, అందుకే అది జారుతుంది.
- బ్లేడును పటకారుతో పట్టి తీయండి, వేళ్లతో వద్దు.
- ఎపాక్సీ పుట్టీ కలిపేటప్పుడు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. ఎమ్‌-సీల్ అయినా, గ్రీన్ స్టఫ్ అయినా, మిల్లీపుట్ అయినా ఇదే నియమం. ఒకసారి ఎపాక్సీ ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ ఎలర్జీ మళ్లీ పోదనే అనుకోవాలి.
- పుట్టీ పనిముట్టుకు అంటుకోకుండా నీళ్లు గానీ, కొంచెం వ్యాజలీన్ గానీ రాయండి.
- రెజిన్‌ను వాటర్ పేపర్‌తో తడిపే రుద్దండి; ముక్కుకు ఎన్‌95 మాస్కు పెట్టుకోండి.
- పని అయ్యాక బల్లను తడిగుడ్డతో తుడవండి; ఊడిస్తే దుమ్ము మళ్లీ గాలిలోకి లేస్తుంది.
- లోహపు తీగ కత్తిరించేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. తెగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.
- చేతి డ్రిల్లు వాడేటప్పుడు బొమ్మను కార్క్‌కో చెక్కముక్కకో గుచ్చి పట్టుకోండి.
- భూతద్దాన్ని పని కాగానే గుడ్డతో కప్పండి. కిటికీ ఎండ దాని మీద పడితే కాగితం అంటుకోగలదు.
- పిల్లలకు మలచడం నేర్పాలంటే బంకమట్టితోనో, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతోనో మొదలుపెట్టించండి. కొండపల్లి కళాకారులు పొణికి కర్ర బొమ్మలకు అవయవాలు అతికించేది ఆ మక్కుతోనే. చిన్న చేతులకు ఎపాక్సీ కంటే అది వెయ్యి రెట్లు మేలు.

చేయకూడనివి

- కుంచె మొనను పెదవులతో తీయకండి. ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో ఇప్పటికే రుజువైంది: అమెరికాలోని న్యూజెర్సీలో 1920ల నాటికి గడియారాల డయల్స్‌పై రేడియం రంగుతో అంకెలు దిద్దిన యువతుల్లో పలువురు కుంచెలను పెదవులతో మొన చేసుకుని దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు.
- నేటి రంగుల్లో రేడియం లేదు కదా అని సరిపెట్టుకోకండి. చిత్రకారుల రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉన్నవి నేటికీ అమ్ముతున్నారు.
- డబ్బా మీద "నాన్ టాక్సిక్" అని ఉందని ధైర్యపడకండి. ఆ మాట నాకడానికి ఇచ్చిన అనుమతి కాదు.
- పుట్టీని ఉమ్మితో తడిపిన వేలితో నునుపు చేయకండి. అదే వేలు మళ్లీ నాలుక మీదికి వెళుతుంది.
- ముంగిస వెంట్రుకల కుంచెలు కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిస రక్షిత జంతువు. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ ఈ కుంచెల వ్యాపారం మీద దేశంలో పలుచోట్ల దాడులు చేసింది.
- ఖరీదైన కొలిన్‌స్కీ కుంచె ఉంటేనే పని వస్తుందని నమ్మకండి. మొదట చెయ్యి కుదరనివ్వండి.
- కుంచెను వేడి నీళ్లలో కడగకండి. తొడుగులోని జిగురు వదులై వెంట్రుకలు రాలిపోతాయి.
- కుంచెను మొన కిందికి పెట్టి నీళ్లలో వదిలేయకండి.
- టీ కప్పును, రంగు నీళ్ల డబ్బాను ఒకే బల్ల మీద ఉంచకండి. పనిలో మునిగిన మనిషి కప్పువైపు చూడకుండానే చెయ్యి చాస్తాడు.
- కింద పడుతున్న కత్తిని పట్టుకోబోకండి. కాళ్లు వెనక్కి తీసుకుని పడనివ్వండి.
- బొమ్మను అరచేతిలో పెట్టుకుని కోయకండి, తొలవకండి.
- విరిగిన బ్లేడ్లను ఇంటి చెత్తలో ఊరికే పారేయకండి. పాత తగరపు డబ్బాలో వేసి, మూత బిగించి, టేపు చుట్టి, పైన రాసి ఇవ్వండి. ఆ చెత్తను చేతులతో వేరుచేసేది పారిశుధ్య కార్మికులు.
- డెంటిస్టు వాడి పారేసిన పనిముట్లు ఉచితంగా వచ్చినా తీసుకోకండి.
- వంటింటి చెంచా, అప్పడాల కర్ర పుట్టీకి వాడితే మళ్లీ వంటింట్లోకి పంపకండి.
- రెజిన్‌ను పొడిగా ఆకురాయితో రాయకండి. ఫ్యాను కింద అసలే వద్దు.
- పాత లోహపు బొమ్మలను పిల్లలు, గర్భిణులు ఉన్న గదిలో ఆకురాయితో రాయకండి. వాటిలో సీసం ఉండవచ్చు.
- ఎన్‌95 మాస్కు థిన్నర్ ఆవిరిని కూడా ఆపుతుందని అనుకోకండి. అది దుమ్మును మాత్రమే ఆపుతుంది. థిన్నర్ వాడేటప్పుడు కిటికీలు తెరవండి, దీపం, అగరుబత్తి దగ్గర ఉంచకండి.
- ఒలికిన ఫెవిక్విక్‌ను నూలుగుడ్డతోనో దూదితోనో తుడవకండి. నూలుతో కలిస్తే అది వేడెక్కి చర్మాన్ని కాలుస్తుంది.
- అంటుకున్న వేళ్లను లాగి విడదీయకండి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టండి. జిగురు కంట్లో పడితే అసిటోన్ దగ్గరికి కూడా రానివ్వకండి, నీళ్లతో కడుగుతూ కంటి ఆసుపత్రికి వెళ్లండి.
- బొమ్మల చేతుల్లో, పీఠాల్లో పెట్టే బుల్లి అయస్కాంతాలను పిల్లలకు అందేచోట వదలకండి. రెండు మింగితే పేగులను నొక్కి చిల్లు చేస్తాయి.
- వేళ్ల సందుల్లో దురద, ఎర్రదనం కనిపిస్తే "ఈ ఒక్క బొమ్మ పూర్తిచేసి చూద్దాం" అనుకోకండి. పని అక్కడే ఆపి, పుట్టీ ప్యాకెట్ చేతపట్టుకుని చర్మ వైద్యుణ్ణి కలవండి. అందులో ఏమున్నదో తెలిస్తేనే ఆయన సరైన మందు ఇవ్వగలరు.