ఒరలో ఉన్న రివాల్వర్: ట్రిగ్గర్ మీద వేలు లేకున్నా పేలుతుందా?

2024 అక్టోబరు 1న తెల్లవారుజామున ముంబయిలోని తన ఇంట్లో హిందీ నటుడు గోవింద కాలికి తూటా గాయమైంది. పేలింది ఆయన సొంత రివాల్వరే. దానికి లైసెన్సు కూడా ఉంది. ప్రయాణానికి బయల్దేరే ముందు రివాల్వర్‌ను లోపల పెడుతుండగా చేతిలోంచి జారి, కింద పడి పేలిందని ఆయన మేనేజర్ విలేకరులకు చెప్పారు. ఆ ఇంట్లో కచ్చితంగా ఏం జరిగిందో తేల్చడం మన పని కాదు. కానీ ఆ వార్త చదివినవాళ్లలో చాలామందికి కలిగిన సందేహం మాత్రం భౌతికశాస్త్రానికి సంబంధించినదే. ట్రిగ్గర్ ఎవరూ నొక్కకుండా తుపాకీ ఎలా పేలుతుంది?

ముందు తూటా సంగతి చూద్దాం. రివాల్వర్ తూటా అడుగున, సరిగ్గా మధ్యలో, ప్రైమర్ అనే చిన్న లోహపు మూత ఉంటుంది. అందులో దెబ్బ తగిలితే మండే రసాయనం ఉంటుంది. ట్రిగ్గర్ లాగినప్పుడు వెనక ఉన్న సుత్తి లాంటి భాగం, అంటే హ్యామర్, స్ప్రింగ్ బలంతో ముందుకు వచ్చి ఫైరింగ్ పిన్ ద్వారా ప్రైమర్‌ను కొడుతుంది. ప్రైమర్ మండి లోపలి మందును అంటిస్తుంది. అయితే ఆ దెబ్బ కొట్టింది స్ప్రింగా, గచ్చు నేలా అన్న తేడా ప్రైమర్‌కు తెలియదు. దానికి కావలసిందల్లా తగినంత శక్తి, అదీ ఒకే బిందువు మీద.

ఎంత శక్తి? అర జౌలుకు లోపే సరిపోతుంది. ఇప్పుడు పదో తరగతి లెక్క ఒకటి వేద్దాం. అర కిలో బరువున్న రివాల్వర్ నడుము ఎత్తు నుంచి, అంటే సుమారు ఒక మీటరు నుంచి పడింది. ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో, ఎత్తుతో గుణిస్తే దాదాపు 5 జౌళ్లు వస్తుంది. ప్రైమర్‌కు కావలసిన దానికి పది రెట్లు. ఆ తుపాకీ సిమెంటు నేల మీద ఒక మిల్లీమీటరు దూరంలో ఆగిపోయిందనుకుంటే సగటు బలం 5 వేల న్యూటన్లు అవుతుంది. అంటే సుమారు 500 కిలోల బరువు ఒక్క క్షణం మోపినట్టు. పరుపు మీద పడితే ఆగే దూరం పెరుగుతుంది, బలం ఆ మేరకు తగ్గుతుంది. నిజానికి ఈ శక్తంతా ప్రైమర్‌కు చేరదు. తుపాకీ ఏ వైపుగా పడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. పక్కకు పడితే ప్రమాదం తక్కువ. హ్యామర్ తల నేలకు తగిలేలా పడితే మాత్రం నేలే దాన్ని ముందుకు నెడుతుంది.

1873 నాటి అమెరికన్ కోల్ట్ రివాల్వర్లలో ఈ ఇబ్బంది బాగా ఉండేది. ఆరు తూటాలు పట్టే సిలిండర్‌లో జాగ్రత్త తెలిసినవాళ్లు అయిదే నింపి, హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచుకునేవారు. తర్వాత ఇంజినీర్లు ఆ భాగాల మధ్య అడ్డం పెట్టడం నేర్చుకున్నారు. ఆ అడ్డం రెండు రకాలు. మొదటి రకంలో, ట్రిగ్గర్ లాగనంతసేపూ హ్యామర్‌కు, తుపాకీ చట్రానికి మధ్య ఒక ఉక్కు ముక్క అడ్డుగా నిలబడుతుంది. రెండో రకంలో హ్యామర్ అసలు ఫైరింగ్ పిన్‌ను తాకలేదు. ట్రిగ్గర్ పూర్తిగా లాగినప్పుడే ఒక పట్టీ పైకి లేచి ఆ ఖాళీని పూడుస్తుంది, దెబ్బను పిన్‌కు అందిస్తుంది. ఐవర్ జాన్సన్ అనే కంపెనీ ఈ రెండో రకాన్ని వందేళ్ల కిందటే అమ్మింది. తూటాలు నింపిన రివాల్వర్ హ్యామర్‌ను నిజం సుత్తితో కొట్టినా పేలదంటూ ప్రకటనలు కూడా వేసింది. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడని ప్రకటన అది.

అడ్డం ఉన్నంత మాత్రాన చాలదని చెప్పే సంఘటన రెండో ప్రపంచ యుద్ధంలో జరిగింది. అమెరికా నౌకాదళానికి స్మిత్ అండ్ వెసన్ సరఫరా చేసిన రివాల్వర్ ఒకటి 1944లో ఓడ ఉక్కు డెక్ మీద పడి పేలింది. ఒక నావికుడు చనిపోయాడు. ఆ తుపాకీలో అడ్డుముక్క ఉంది. కానీ అది తన చోటికి తిరిగి రావడానికి ఒక స్ప్రింగ్ మీద ఆధారపడింది. లోపల గట్టిపడిన గ్రీజు వల్ల ముక్క బిగుసుకుపోయింది, స్ప్రింగ్ దాన్ని కదిలించలేకపోయింది. కంపెనీ వెంటనే డిజైన్ మార్చింది. ట్రిగ్గర్ వెనక్కి వచ్చేటప్పుడు ఆ కదలికే అడ్డుముక్కను నెట్టి నిలబెట్టేలా చేసింది. ఈ పాత కథ నాకు ప్రత్యేకంగా నచ్చడానికి కారణం ఉంది. మనం భద్రత అనుకునేది చాలాసార్లు ఒక స్ప్రింగ్ దయ మీద నడుస్తుంటుంది, ఆ స్ప్రింగ్‌ను ఎవరూ శుభ్రం చేయరు.

కాబట్టి పాత రివాల్వర్ ఉన్నవాళ్లు మొదట తెలుసుకోవలసింది, తమ దాంట్లో ఈ అడ్డం ఉందా, పనిచేస్తోందా అన్నది. లైసెన్సున్న ఆయుధ మెకానిక్ దాన్ని పరీక్షించి చెప్పగలడు.

లోపలి అడ్డం పడిపోవడం నుంచి కాపాడుతుంది. ట్రిగ్గర్ లాగుడు నుంచి కాపాడలేదు. లాగితే పేలడమే దాని పని మరి. ఇక్కడ బాధ్యత బయటి అడ్డానిది, అంటే ఒరది. చిన్న డబుల్ యాక్షన్ రివాల్వర్లలో హ్యామర్ ఎక్కుపెట్టకుండా నేరుగా ట్రిగ్గర్ లాగడానికి సుమారు 50 న్యూటన్ల బలం, అంటే అయిదు కిలోల బరువంత కావాలి. అదీ సెంటీమీటరుకు పైగా లాగాలి. ఇది చాలా ఎక్కువ కదా అనిపిస్తుంది. వేలికి ఎక్కువే, చేతికి కాదు. ఒరలోకి రివాల్వర్‌ను తోసేటప్పుడు భుజం నుంచి వచ్చే బలం అంతకన్నా సులువుగా మించిపోతుంది. జాకెట్ తాడో, చొక్కా అంచో, నలిగి లోపలికి ముడుచుకున్న మెత్తటి తోలు ఒర పెదవో ట్రిగ్గర్‌కు ఎదురుగా నిలిస్తే, తోసే చెయ్యే ట్రిగ్గర్ లాగిన వేలవుతుంది. అప్పటికి గొట్టం సాధారణంగా మన తొడ వైపో, పాదం వైపో ఉంటుంది.

అందుకే మంచి ఒరకు చూడవలసిన మొదటి గుణం బిగువు. తుపాకీ తీసేసినా మూతి తెరుచుకునే ఉండాలి. ట్రిగ్గర్, దాని చుట్టూ ఉన్న కవచం పూర్తిగా కప్పబడాలి, బయటినుంచి నొక్కినా వేలు తగలకూడదు. తలకిందులు చేసినా జారకూడదు. మళ్లీ పెట్టేటప్పుడు తొందర అక్కర్లేదు. వేలు బయటికి చాపి, ఒరలోకి కళ్లతో చూసి, నెమ్మదిగా పెట్టాలి. హ్యామర్ బయటికి కనిపించే రివాల్వర్‌లో ఒక మంచి వెసులుబాటు ఉంది. బొటనవేలు హ్యామర్ మీద ఆనించి ఉంచితే, ఏదైనా ట్రిగ్గర్‌ను నొక్కుతుంటే హ్యామర్ వెనక్కి లేవడం వెంటనే తెలుస్తుంది. అప్పుడు ఆగిపోవచ్చు.

మన దేశంలో ఈ చర్చ మళ్లీ లేచింది 2014 జనవరిలో. ఆ నెల కాన్పూర్ ఆయుధ కర్మాగారం నుంచి మహిళల కోసమంటూ నిర్భీక్ అనే .32 రివాల్వర్ వచ్చింది. బరువు దాదాపు అర కిలో, ధర లక్షకు పైనే. హ్యాండ్‌బ్యాగులో పట్టేంత చిన్నదని దాని గురించి బాగా రాశారు. నాకు ఇబ్బందిగా తోచేది ఆ హ్యాండ్‌బ్యాగే. తాళంచెవులు, పెన్ను, సెల్ ఛార్జర్ ఉన్న సంచిలో విడిగా పడేసిన రివాల్వర్ చుట్టూ ట్రిగ్గర్‌లో దూరగలిగే వస్తువులే ఉంటాయి. సంచి కుర్చీకి తగిలిస్తే ఇంట్లో పిల్లలకు అందేది అదే. బ్యాగులోనే పెట్టాలంటే దానికంటూ వేరే అర, ఆ అరలో గట్టి ఒర ఉండాలి. ఆ అరలో ఇంకేమీ ఉండకూడదు. ప్యాంటు జేబుకైనా ఇదే నియమం. చిల్లర వేరే జేబులోకి పోవాలి.

ఆయుధ నియమాలు, 2016 కూడా బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీని ఒరలోనో, తగిన సంచిలోనో, పూర్తిగా కప్పి, తన అదుపులో ఉండేలా తీసుకెళ్లాలని చెబుతున్నాయి. లైసెన్సు కోరేవాళ్లు భద్రతా శిక్షణ పూర్తిచేయాలని కూడా అవే నియమాల్లో ఉంది. జాతరలకు, ఊరేగింపులకు, విద్యాసంస్థల ఆవరణలోకి ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదన్నది లైసెన్సు షరతు.

ఇంటికి వచ్చాక రివాల్వర్‌ను తోలు ఒరలోనే వదిలేయడం మరో అలవాటు. తోలు చెమటను, గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. తోలు శుద్ధిలో వాడిన లవణాలు కూడా తోడై ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి. ఆ తుప్పు, దానిమీద పేరుకున్న పాత నూనె చేరేది పైన చెప్పిన అడ్డుముక్క ఉన్న చోటికే. గొట్టాన్ని ఎవరూ లేని వైపు తిప్పి, సిలిండర్ తెరిచి, ఒక్కో గదినీ కంటితో చూసి తూటాలు తీసి, తుడిచి, రివాల్వర్‌ను ఒక తాళంలో, తూటాలను వేరే తాళంలో పెట్టాలి. ఒర బయట గాలికి ఆరనివ్వండి.