కాగ్యాట్ రిపోర్టు చదవడం ఎలా?

బాతెల్ చుట్టుపక్కల మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కలిసినచోట తప్పక వినిపించే ప్రశ్న, "మీ అమ్మాయికి కాగ్యాట్‌లో ఎంత?" వాషింగ్టన్ రాష్ట్రం 2023లో చేసిన చట్టం ప్రకారం స్కూల్ డిస్ట్రిక్టులు రెండో తరగతిలోపు ఒకసారి, ఆరో తరగతిలోపు మరోసారి పిల్లలందరినీ 'హైలీ కేపబుల్' కార్యక్రమం కోసం పరిశీలించాలి. అందుకు అమెరికాలో విరివిగా వాడే పరీక్షల్లో కాగ్యాట్ ఒకటి.

ఇందులో మూడు భాగాలు: వెర్బల్ (మాటలు), క్వాంటిటేటివ్ (అంకెలు), నాన్‌వెర్బల్ (ఆకారాలు). ఒక్కో భాగానికి వయసును బట్టి ఒక స్కోరు ఇస్తారు. దాని సగటు 100, స్టాండర్డ్ డీవియేషన్ 16. అంటే 132 వస్తే సుమారు 98వ పర్సెంటైల్.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. రెండో తరగతి పాపకు వెర్బల్ 108, క్వాంటిటేటివ్ 136, నాన్‌వెర్బల్ 130 వచ్చాయి. 108 అంటే 69వ పర్సెంటైల్. ఇది నూటికి 69 మార్కులు కాదు! అదే వయసు పిల్లలు వందమందిలో సుమారు 69 మందికంటే ముందుందని అర్థం. పాప వెర్బల్‌లో 'వీక్' కాదు, సగటుకంటే పైనే ఉంది.

రిపోర్టులో '9ఈ (వీ–)' వంటి కోడ్ కూడా ఉంటుంది. 9 అనేది మూడు భాగాల స్టనైన్లలో మధ్యది. 'ఈ' అంటే స్కోర్ల మధ్య 24 పాయింట్లో అంతకుమించో తేడా ఉందని. 'వీ–' అంటే తగ్గింది వెర్బల్ అని. సర్వర్ పనితీరును సగటు రెస్పాన్స్ టైముతోనే తేల్చం కదా, ఇదీ అంతే. అలాగే ప్రతి కొలతకీ కొంత ఎర్రర్ ఉంటుంది. నాలుగైదు పాయింట్ల తేడాకు కంగారు పడనక్కరలేదు.

మరి మెరుగుపరచడం ఎలా? నమూనా ప్రశ్నలు వందల కొద్దీ చేయిస్తే పరీక్ష అలవాటవుతుంది, ఆలోచన అంతగా పెరగదు. పైగా స్కోరు నమ్మదగ్గ కొలతగా మిగలదు. దానికి బదులు ఇవి చేయండి:

వెర్బల్: "పిట్టకు గూడు, మరి చీమకు?" అని తెలుగులోనే అడగండి. పొడుపు కథలు వేయండి. "కంది, పెసర, మినుము ఎందుకు ఒక జట్టు?" అనండి. సంబంధాన్ని పట్టుకునే నేర్పు ఏ భాషలో వచ్చినా వచ్చినట్టే. ఇంగ్లీషు పదాలకు బాతెల్ లైబ్రరీ ఉండనే ఉంది.

క్వాంటిటేటివ్: జవాబు కాదు, సూత్రం చెప్పమనండి.

నాన్‌వెర్బల్: కాగితం మడిచి చిల్లు పెట్టి, విప్పకముందే ఎన్ని చిల్లులుంటాయో ఊహించమనండి.

పై ఉదాహరణలోని పాపకు లెక్కలంటే ప్రాణమైతే, ఆ లెక్కనే మాటల్లో వివరించమనండి. బలమున్న చోటు నుంచే బలం తక్కువైన చోటికి దారి వేయాలి. అన్నిటికంటే ముఖ్యం, 108 చూసి మన ముఖం మాడితే పాప చదివేది రిపోర్టును కాదు, మన ముఖాన్ని.