120ని తిరగేస్తే 21 ఎందుకు?

వైవాలో ఈ ప్రశ్న అడిగితే చాలామంది ప్రోగ్రామ్ తప్పనుకుంటారు. నేనైతే కీబోర్డు పక్కనపెట్టి పెన్ను తీస్తాను. ముందు 472 చూడండి. 10తో భాగిస్తే శేషం 2, మిగిలింది 47. జవాబు సున్నాతో మొదలు: 0×10+2 అంటే 2. తర్వాత 7 ఊడుతుంది: 2×10+7, 27. ఆఖరికి 274.

ఇప్పుడు 120. మొదట ఊడేది సున్నా. 0×10+0 మళ్లీ సున్నాయే కదా, దాని జాడే మిగలదు! తర్వాత 2, ఆపైన 21. సంఖ్యగా 021 అన్నా 21 అన్నా ఒకటే, కాబట్టి ప్రోగ్రామ్ కరెక్టే. హాల్‌టికెట్ నంబరులాంటిదైతే మాత్రం సున్నా పోకూడదు, స్ట్రింగ్‌గానే తిరగేయాలి.

ఇంకో చిక్కుంది. సి భాషలో 32 బిట్ల ఇంట్‌కి గరిష్ఠం 2147483647. 1000000009 అందులో పడుతుంది, తిరగేసిన 9000000001 పట్టదు. జవాబుకి లాంగ్ లాంగ్ పెట్టండి.