చేసిన చేయి – చేయించిన లోకము



గుంటూరు మిర్చి యార్డులో మీ మామయ్యగారి కమిషన్ కొట్టునందు కొన్ని మిర్చి టిక్కీలు, అనగా బస్తాలు, లెక్కకు తగ్గినవనియు, స్టువర్టుపురమునుండి వచ్చిన హమాలీని ఆనాడే పనిలోనుండి తీసివేసిరనియు, దానిపై మీ యిరువురకు చాల ప్రొద్దుపోవువరకు వాదము జరిగినదనియు నీ లేఖవలన తెలిసికొంటిని. ఆ ఊరివారి రక్తమే అంత యని ఆయన. అతడు దొంగిలించినను దోషము సంఘానిదే గాని అతనిది కాదని నీవు. న్యాయశాస్త్రము చదువుచున్న నీకు పేదవానిపై దయ కలుగుట నాకు సంతోషమే. కాని నాయనా, ఆయన మాటకును నీ మాటకును నడుమ నీవనుకొన్నంత దూరము లేదు. ఆయన దృష్టిలో ఆ మనిషి కులము చేయించినట్లు చేయును. నీ దృష్టిలో సంఘము చేయించినట్లు చేయును. అతనికి తనదైన మనస్సొకటి కలదనియు, తీయుటయో మానుటయో అతడే నిశ్చయించుకొనగలడనియు మీలో ఒక్కరును తలపలేదు. అసలు నీవు తీసితివా యని అతనిని అడిగినవారే లేరు!

చీరాల బాపట్లల నడుమ రైలులో పోవునపుడు స్టువర్టుపురమను స్టేషను పేరు నీవు చూచియే యుందువు. ఆ పేరు వెనుకనున్న కథ మాత్రము నీ పాఠ్యగ్రంథములలో రెండు మూడు పంక్తులకు మించి యుండదు గనుక కొంచెము విపులముగా వ్రాయుచున్నాను. ఆ ఊరివారైన ఎరుకలవారు పూర్వము సముద్రతీరపు ఉప్పును మెట్టసీమలకు, అచ్చటి ధాన్యమును ఇచ్చటికి ఎద్దులపైనను గాడిదలపైనను వేసికొని తిరిగి అమ్ముకొని బ్రతికిన సంచార వర్తకులు. బుట్టలల్లుట, ఎరుక చెప్పుట వారి తక్కిన వృత్తులు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున రైలుబండి వచ్చి సరకును తానే మోసికొనిపోవగా, ఉప్పు వ్యాపారము సర్కారువారి కట్టుబాట్లలో చిక్కుకొనగా, 1876–78 నాటి మహాక్షామము మిగిలినదానిని ఊడ్చివేయగా, నిన్నటివరకు ఊరివారు ఎదురుచూచిన ఉప్పుబేరగాడు అనుమానింపదగిన తిరుగుబోతయ్యెను. 1871లో ఉత్తర భారతమునకై చేసిన నేరస్థ జాతుల చట్టమును 1911లో సవరించి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఒక జాతిని నేరస్థ జాతియని ప్రభుత్వము ప్రకటించిన చాలును. ఆ ప్రకటనను ప్రశ్నించు అధికారము ఏ న్యాయస్థానమునకును లేదు. జాబితాకెక్కినవాడు వ్రేలిముద్రలీయవలెను, పిలిచిన వేళకు హాజరు పలుకవలెను, అనుమతి చీటీ లేక పొలిమేర దాటరాదు. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బడులలో ఉంచుటకును ఆ చట్టము అధికారమిచ్చినది. ఇంతకును వాడు గడ్డిపరకయైన దొంగిలించి యుండనక్కరలేదు. పుట్టి యుండిన చాలును.

ఆ చట్టము నీడలోనే 1913లో, మద్రాసు ప్రభుత్వమున ఉన్నతాధికారియైన హెరాల్డ్ స్టువర్టు పేర, రక్షణ సైన్యము (సాల్వేషన్ ఆర్మీ) అను క్రైస్తవ మిషనరీ సంస్థవారి యాజమాన్యమున స్టువర్టుపురము సెటిల్మెంటు వెలసినది. ఆ మిషనరీలలో మంచి తలంపుగలవారు లేకపోలేదు. బడి పెట్టిరి, భూమి చూపిరి. కాని చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి ఆ సెటిల్మెంటునుండి కూలికిపోయినవాడు, పని నచ్చకపోయిన వేరొక ఊరు చూచుకొను స్వేచ్ఛ లేనివాడు, కూలి పెంచుమని ఏ నోటితో అడుగగలడు? మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31వ తేదీని ఆ శాసనము రద్దయినది. పేరు మాత్రము పోలేదు. 1991వ సంవత్సరమొక్కదానియందే ఆ ఊరిపేరు తగిలించుకొని రెండు చలనచిత్రములు వచ్చినవనిన, ఒక గ్రామనామమును మన లోకము ఎట్టి వినోదముగా మార్చుకొనెనో ఊహింపుము.

కావున, లోకము చేయించినదన్న నీ మాటలో సత్యము కలదు, గట్టి సత్యమే కలదు. అయినను అదే ఊరిలో, అదే నిందక్రింద, అదే ఆకలితో పెరిగి ఒకనాడును పరుల సొత్తు ముట్టనివారెందరో కలరు. చేసినవాని పూచీని సంఘముపైకి నెట్టినపుడు, చేయనివారి నిగ్రహము ఎవరి ఖాతాలోనికి పోవలెను? నీ దయ తెలియకయే వారిని అవమానించుచున్నది.

ఈ చిక్కుముడిని మాటలతో గాక పనితో విప్పినవారు హేమలతా లవణము దంపతులు. ఆమె వినుకొండ బిడ్డ, మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె. ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరాగారి కుమారుడు. భూదానోద్యమ నాయకుడు వినోబా భావే వెంట నడచిన లవణముగారును, ఆమెయు 1970ల దశకమున స్టువర్టుపురమునకు పోయి అచ్చటివారితో కలసి మెలసి మసలిరి. వారి పద్ధతిలో నేను మిక్కిలి మెచ్చునది ఒకటి కలదు. దొంగతనము చేసినవానితో, నీవు నిర్దోషివని వారు పలుకలేదు, నీవు మానగలవనిరి. మానగలవని చెప్పవలెనన్న ముందుగా నీవే చేసితివని ఒప్పుకొనవలెను గదా! అదే సమయమున ప్రభుత్వమువైపు తిరిగి, మానినవాడు బ్రతుకుటకు దారి చూపుమని పట్టుపట్టిరి. మనిషిని అడుగవలసినది మనిషిని, రాజ్యమును అడుగవలసినది రాజ్యమును అడిగిరి. ఒకరి బాకీని ఇంకొకరి పద్దున వ్రాయలేదు.

నీవు చేయవలసినదియు ఇదియే. ముందు కాటా చీటీలను, గుమస్తా లెక్కను సరిచూడుము. పిదప ఆ హమాలీ ఇంటికి పోయి, ‘మీ ఊరివారు’ అనక, అతనితో సాటిమనిషితో మాటలాడినట్లు మాటలాడుము. లెక్క తేలి అతడు నిర్దోషియైనచో, తిరిగి పనిలోనికి తీసికొని నలుగురియెదుట క్షమాపణ చెప్పుమని మీ మామయ్యగారితో పోరాడుము. నేనును వ్రాసెదను. తీసితినని అతడొప్పుకొనినచో, ఎందుకు తీసెనో ఓపికతో వినుము. వినియు, ఆ వెల తీర్చు బాధ్యత అతనిదేనని చెప్పుటకు సంకోచింపకుము.

ఇంకొక సంగతి వ్రాయక ఈ లేఖ ముగింపలేను. చీరాలకు ఒక ప్రక్క స్టువర్టుపురమైనచో మరియొక ప్రక్క కారంచేడు. 1985 జూలై 17న, మంచినీటి చెరువుకడ మొదలైన తగవుపై, భూమియు బలమును గలవారు మూకగా మాదిగపల్లెపై పడగా ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. మిగిలినవారు చీరాలకు పరుగిడి తలదాచుకొనిరి. సుప్రీంకోర్టు తీర్పు వచ్చుసరికి 2008వ సంవత్సరమైనది. ఆ దినములలో మన పెద్దలనేకులు, ఆవేశములో జరిగిపోయినదనియు, మూకలో ఎవరేమి చేసిరో ఎవరికి తెలియుననియు పలుకగా నా చెవులార వింటిని. గొడ్డలి తనంతట తాను లేచినదా? ఎత్తిన చేతికి ఒక యజమాని లేడా? ఆ మూకలోనివారిని ఏ రైలును నిరుద్యోగులను చేయలేదు, ఏ చట్టమును చెరలో పెట్టలేదు. ఆగుటకు వలసిన సమస్తమును కలిగియుండియు ఆగనివారు. నాయనా, మన సీమలో తరాజు తలక్రిందుగా వ్రేలాడుచున్నది: లేనివాడు తప్పుచేసిన జాతినంతటిని బోనెక్కింతుము, ఉన్నవాడు చేసిన తప్పును జనసమూహములో కలిపి మాయము చేయుదుము. పరిసరముల ప్రభావమను వాదమును నీవు వాడదలచినచో, అది ఎవరిని కాపాడుచున్నదో ప్రతిసారియు చూచుకొని వాడుము.

ఇక నీ చదువుకొక పని చెప్పెదను. సుకన్య శాంత యను పత్రికా రచయిత్రి వేసిన వ్యాజ్యములో, నేరస్థ జాతుల చట్టము రద్దుతో విముక్త జాతులనబడినవారిని పుట్టు నేరస్థులుగా చూచు చెరసాల నిబంధనలను సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టివేసినది. ఆ తీర్పును, 1911 చట్టమును ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుము. శాసనము చచ్చిన ఏడు దశాబ్దముల తరువాతను దానిలోని ఏ భావములు ఏ రిజిస్టర్లలో బ్రతికియుండెనో గుర్తించి నాకు వ్రాయుము. ఆ హమాలీ ఏమనెనో అదియు వ్రాయుము.

ఇట్లు,
నీ తాతయ్య